మూడో గట్టు సానరాయి

రోజు 94

ఈ ఉదయానికి తూర్పు కిటికీ మూడు వేళ్ళు మూసుకుంది. మామూలుగా ఒక వేలు వెడల్పే మూసుకుంటుంది. కత్తి తీసి కోశాను. వేర్లు తెగలేదు, చిట్లాయి. ఒక్కో వేరు మీద నాలుగైదు సార్లు కత్తి లాగాల్సి వచ్చింది. గంటలో అయ్యే పనికి రెండు గంటలు పట్టింది.

మా మడ ఇళ్ళు బతికున్న మడచెట్ల వేర్లు అల్లి పెంచినవి, వాటికి కోత నున్నగా పడాలి. నున్నగా తెగిన చోట రెండు రోజుల్లో తొక్క కప్పుకుని గోడ ఊరుకుంటుంది. చిట్లిన చోట బొడిపె కడుతుంది. బొడిపెలోంచి నాలుగు కొత్త వేర్లు పుడతాయి. నా కిటికీ చుట్టూ ఇప్పుడు పదకొండు బొడిపెలున్నాయి. పది రోజుల కిందట రెండే ఉండేవి.

బ్యాటరీ రంపం పెట్టి కోస్తే పోదా అని ఇక్కడికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. నేనూ అడిగాను. పక్కింటి లోవరాజు నన్ను ఐదో గట్టుకు తీసుకెళ్ళి ఒక ఇల్లు చూపించాడు. ఆ ఇంటాయన వంటగది పెంచుకుందామని రంపం పెట్టాడట. దాని వేడికి, అదురుకు గోడ ఉబ్బింది. తొమ్మిది రోజుల్లో వంటగది లేకుండా పోయింది.

"పొయ్యి ఇప్పటికీ గోడలోనే ఉందండి. అట్లకాడతో సహా," అన్నాడు లోవరాజు.

మళ్ళీ రంపం మాట ఎత్తలేదు.

రోజు 97

కత్తి వివరాలు ఒకసారి రాసిపెడుతున్నాను. ఇల్లు అప్పగించిన రోజే గృహ సంఘం కత్తి కూడా ఇచ్చింది. అలుగు పన్నెండు సెంటీమీటర్లు, వీపు దగ్గర మందం నాలుగు మిల్లీమీటర్లు. మడత కత్తి కాదు. ఇనుము ఒకటే ముక్కగా పిడి చివరిదాకా వెళ్తుంది. పిడి తుమ్మకర్ర, రెండు ఇత్తడి మేకులు. వీపు మీద 3/41 అని చెక్కి ఉంది. మూడో గట్టు, నలభై ఒకటో ఇల్లు. తుప్పు పట్టే ఉక్కు కాబట్టి పని అయ్యాక తుడిచి కొబ్బరినూనె రాయాలి.

దీంతోనే గోడలు కోస్తాను, చేపలు కోస్తాను, పడవ తాడు తెంపుతాను. మేకులు పీకడానికి మాత్రం వాడొద్దని మొదటి రోజే చెప్పారు. మొదటి వారంలోనే వాడాను. మొన ఒక మిల్లీమీటరు పోయింది. ఇప్పుడు వాడటం లేదు.

కత్తి మనదే గానీ పదును మనది కాదు. గట్టుకొక సానరాయి ఉంటుంది, దానికొక మనిషి ఉంటారు. మొదటి రెండేళ్ళు ఎవరి కత్తి వాళ్ళు దొరికిన రాతి మీద నూరుకున్నారట. సగం ఉక్కు అరిగిపోయింది. పడవలో ఉక్కు వచ్చేది ఏడాదికి ఒకసారి. అప్పటినుంచి ఈ పద్ధతి. రాయి ఉన్నవాళ్ళకి కత్తి ఉండదు. వాళ్ళ ఇంటి గోడలు గట్టు వాళ్ళే వంతుల వారీగా కోసిపెడతారు. అదే సానకు బదులు.

మా గట్టు రాయి నూకరత్నం గారిది. వయసు డెబ్బై పైన. చిన్నప్పుడు ఈ నీళ్ళ కింద ఉన్న ఊళ్ళోనే ఉండేది. ఆటుకు నీళ్ళు బాగా తగ్గిన రోజున మేడల మీది నీళ్ళ ట్యాంకులు రెండు పైకి తేలతాయి. ఒకటి వాళ్ళదేనని ఆమె అంటుంది. రెండింట్లో ఏది అన్నది రోజును బట్టి మారుతుంది.

రోజు 101

నూకరత్నం ఇంటి గోడ కోసే వంతు ఈరోజు నాది. నిన్ననే సాన పట్టించుకున్న కత్తితో వెళ్ళాను. ఆమె గుమ్మం దగ్గర పదహారు వేర్లు కోశాను. తొమ్మిది చిట్లాయి.

"ఏటమ్మా హైమా, గోడ కోత్తన్నావా, నములుతున్నావా?" అంది లోపలినుంచి.

"పదును లేదు పిన్నీ."

"నిన్ననే కదే పట్టాను."

కోసినవి ఊడ్చి పోసి వచ్చేశాను.

మధ్యాహ్నం లోవరాజు ఒక కాగితం పట్టుకొచ్చాడు. గృహ సంఘానికి అర్జీ. నూకరత్నం గారికి వయసు మీద పడిందని, సాన కుదరడం లేదని, గట్టులో పాతిక ఇళ్ళకు బొడిపెలు వచ్చాయని, రాయి వేరేవాళ్ళకు ఇవ్వాలని. "మీరు పేపరులో పనిచేసినోళ్ళు కదండి, కాస్త సరిచేసి పెట్టండి," అన్నాడు. రెండు వాక్యాలు సరిచేశాను. సంతకం పెట్టాను. నాది పందొమ్మిదో సంతకం. అందులో రాసినవి నాకు తెలిసినంతలో నిజాలే.

రోజు 104

సంఘం నోటీసు పలక మీద పెట్టారు. నూకరత్నం సానరాయి మీద విచారణ 112వ రోజున. ఇక్కడికి వచ్చిన రోజు నుంచి నేను వేసుకుంటున్న లెక్క ప్రకారం 112. వాళ్ళ పలక మీద మామూలు తేదీయే ఉంది. అప్పటిదాకా కావలసినవాళ్ళు రెండో గట్టు రాయి దగ్గరికి వెళ్ళవచ్చు.

దీనికి ఇంకో అర్థం ఉంది. అది నేను సంతకం పెట్టేటప్పుడు ఆలోచించలేదు. ఆమె దగ్గర సాన పట్టించుకోనివాళ్ళు ఆమె గోడ కోయనక్కర్లేదు. ఈ సాయంత్రం వెళ్ళి చూశాను. చాప మీద రెండే కత్తులున్నాయి. గుమ్మం వెడల్పు జానెడు తగ్గింది. ఆమె పక్కకి తిరిగి బయటికి వస్తోంది.

రాయి పోతే ఆమెకు ఒక కత్తి ఇస్తారు. ఆ మణికట్లతో రోజూ ఇల్లు కోసుకోలేదు. ఇల్లు మూసుకుపోతుంది, ఆమెను మొదటి గట్టు మీద ఉమ్మడి సాలలో పెడతారు. నలభై ఏళ్ళు పెంచుకున్న ఇల్లు అది.

రోజు 105

ముప్ఫై ఒక్క సంవత్సరాలు విలేకరిగా పనిచేశాను. ఎదుటివాళ్ళని అడక్కుండా వాళ్ళ మీద వార్త రాయకూడదని చెప్పి ఎంతోమందిని వెనక్కి పంపాను. అర్జీ మీద సంతకం పెట్టేముందు నేను ఆమెని ఒక్క మాట అడగలేదు. ఈరోజు అడగడానికి వెళ్ళాను.

"సంతకం పెట్టావంటగా," అంది ముందే.

"పెట్టాను."

"చేతిరాత బాగుందన్నారు."

సాన పడుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తానన్నాను. అది ఇక్కడ మర్యాద కాదు. ఒట్టి కత్తి చేతులు మారకూడదని పెద్ద నియమం. ఒరలో పెట్టిన కత్తిని చాప మీద ఉంచి వెళ్ళిపోవాలి. పని అయ్యాక ఆమె ఒరలో పెట్టి చాప మీద ఉంచుతుంది. మనం తీసుకుని వెళ్ళిపోవాలి. అక్కడే ఒర తీసి పదును చూస్తే ఆమెని శంకించినట్టు.

"ఎదురుగా కూచుని చూత్తావా? పోలీసోళ్ళా?"

"నేను పోలీసు కాదు పిన్నీ. పేపరు."

"అది ఇంకా ఘోరం," అంది. కానీ చాప మీద చోటిచ్చింది.

రాయిని ముందు నీళ్ళలో నానబెట్టింది. బుడగలు ఆగేదాకా చూసింది. గరుకు వైపు పైకి పెట్టింది. కత్తి వీపు కింద చిటికెన వేలి గోరు దూరేంత ఎత్తు. ఆ ఎత్తు తగ్గకుండా, పెరగకుండా పిడి నుంచి మొన దాకా లాగింది. ఒక వైపు ఇరవై, రెండో వైపు ఇరవై. మధ్యలో బొటనవేలు అంచుకు అడ్డంగా ఆనించి చూసింది. ఒక వైపు అరిగేకొద్దీ రెండో వైపున వెంట్రుకంత సన్నటి ఇనుప పొర లేస్తుంది. అది లేచిందంటే అంచు దాకా అరిగినట్టు. తర్వాత నున్నటి వైపు, చెయ్యి బరువు తగ్గించి. చివర తోలుపట్టీ మీద, వీపు ముందుగా, పది సార్లు. ఆ పొర రాలిపోవడానికి. మొత్తం పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మధ్యలో రాయి చప్పుడు మారింది. ముందు గరగర, తర్వాత బట్ట చింపినట్టు. ఆ తేడా ఆమె చెప్పేదాకా నాకు వినపడలేదు.

ఒరలో పెట్టకముందే ఒకసారి కోసి చూద్దామన్నాను.  ఆమె చూరుకు వేలాడుతున్న వలదారం చూపించింది. కత్తి ఆనిందో లేదో, దారం కింద పడింది.

కత్తి ఒరలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. మూడువందల అడుగులు. కిటికీ దగ్గర కోశాను. మొదటి వేరు తెగింది. రెండోది తెగింది. ఒర తీస్తూ పెడుతూ పని చేసుకున్నాను. ఎనిమిదో వేరు చిట్లింది.

రోజు 106

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ సాన పట్టించాను. ఈసారి ఒరలో పెట్టకుండా, కత్తిని తడిగుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. ముప్ఫై వేర్లు కోశాను. ముప్ఫైయీ నున్నగా తెగాయి.

రాయికీ కిటికీకీ మధ్య తేడా ఒర ఒక్కటే. ఒరని నిలువునా చీల్చి నూకరత్నం దగ్గరికి పట్టుకెళ్ళాను. ఇది కొత్త రకం. తోలు ఒరలు ఈ చెమ్మలో కుళ్ళిపోతున్నాయని సంఘం వాళ్ళు దీన్ని తయారు చేయించారు. నేను మూడు వారాల కిందట తీసుకున్నాను. లోపల గోధుమ రంగు పొర, నొక్కి గట్టిపరిచినది. ఆమె బొటనవేలితో రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దేంతో చేశారే ఇది?"

"వడ్ల ఊక. మెత్తగా నూరి, జిగురు కలిపి."

"ఊకా?" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. "మా అమ్మ ఊకతోనే ఇత్తడి బిందెలు తోమేదే! మిలమిల మెరిసేయి. పదేళ్ళకి అడుగు అరిగి బొక్క పడేది. కత్తిని తీసుకెళ్ళి తోమే పీచులో పెట్టారు ఈళ్ళు!"

కత్తిని వెలుతురులో పట్టి చూపించింది. అంచు పక్కనే, పిడి నుంచి మొన దాకా, వెంట్రుకల్లాంటి గీతలు. సాన గీతలైతే అంచుకు అడ్డంగా ఉంటాయి. ఇవి నిలువుగా ఉన్నాయి. ఒర తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా పడ్డవి.

మూడు వారాలుగా ఆ గీతలు నా చేతిలోనే ఉన్నాయి. కత్తిని ఒరలోంచి తీసి గోడ వైపే చూశాను తప్ప కత్తి వైపు చూడలేదు.

రోజు 108

రెండు రోజులు గట్టంతా తిరిగాను. మొత్తం అరవై నాలుగు ఇళ్ళు. కొత్త ఒర తీసుకున్నవి ఇరవై రెండు. బొడిపెలు వచ్చినవి పాతిక. కొత్త ఒరలున్న ఇరవై రెండింట్లో ఇరవై ఒకటికి బొడిపెలున్నాయి. మిగిలిన ఒక ఇంటాయన కత్తిని ఒరలో పెట్టడం మరిచిపోయి చూరులో గుచ్చుతాడు. భార్య రోజూ తిడుతుందట. ఆ తిట్లు ఇకమీద ఆపమని ఆయన నా చేత ఆమెకి చెప్పించాడు.

తోలు ఒరలున్న నలభై రెండు ఇళ్ళలో బొడిపెలు వచ్చినవి నాలుగు. వాటికి వేరే కారణం ఉండాలి. తెలియదు. తెలియదని రాసుకున్నాను.

రోజు 109

సంఘం తరఫున ఇళ్ళు పరిశీలించే ఏసుపాదం గారిని కలిశాను. నెమ్మదస్తుడు, అన్నీ ఫైల్లో పెట్టే మనిషి. లెక్కలు చూపించాను. ఆయన ఒకసారి చదివి, సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"ఏవండీ హైమగారూ, ఇది రాసింది మీరే కదండి?"

వారానికోసారి పలక మీద అంటించే 'గట్టు సమాచారం' నేనే రాస్తున్నాను. 71వ రోజు సంచిక అది. 'కొత్త ఒర తోలు ఒర కన్నా అన్ని విధాలా మేలు' అని శీర్షిక. ఒరని రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, కుళ్ళలేదని చూసి రాశాను. కత్తికి ఏమవుతుందో చూడలేదు.

"నేనే రాశాను. చెమ్మ ఒక్కటే చూశాను. అన్ని విధాలా అన్న మాట తప్పు."

"అది చదివే కదండీ జనం క్యూ కట్టి పుచ్చుకున్నారు. ఆయ్, నేనూ తీసుకున్నానండి." నడుముకున్న ఒర చూపించాడు. "ఇప్పుడు మీరే తప్పంటే, మీ ఏ మాట నమ్మాలండి?"

న్యాయమైన ప్రశ్న. నా మాట నమ్మొద్దన్నాను. అందరి ఎదుటా పరీక్ష పెట్టమన్నాను. కత్తులు ఆయనే ఎంచాలి, లెక్క ఆయనే రాయాలి. సరేనన్నాడు.

రోజు 112

విచారణ ఉదయం తొమ్మిదికి సంఘం సాలలో జరిగింది. యాభై మంది దాకా వచ్చారు. నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని, రాయిని నీళ్ళబాల్చీలో పెట్టుకుని వచ్చింది. ఆమె గుమ్మం లోవరాజు చేత అర్ధరూపాయంత ముక్కలుగా కోయించి ఆమెను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. అప్పటికి అది అంతగా మూసుకుంది.

పద్ధతి ఇది. ఏసుపాదం ఆరు కత్తులు ఎంచాడు. అందరి ముందూ ఆమె వాటికి సాన పట్టింది. రెండు గంటలు పట్టింది, ఎవరూ కదల్లేదు. ఏడో కత్తికి రెండో గట్టు సానాయన పట్టాడు. ఆ ఏడోది నూకరత్నమే అడిగింది. "నా చెయ్యొక్కటే ఎందుకు చూడాలి? ఆడి చెయ్యి కూడా చూడండి," అంది. కొబ్బరితాడు పురి విప్పి, పీచులు లెక్కపెట్టి కట్టారు. ఒక్క లాగుడుకు ఎన్ని తెగితే అంత పదును.

సాన పట్టిన వెంటనే ఏడు కత్తులూ పద్నాలుగో పదిహేనో పీచులు తెంపాయి. తర్వాత ఒక్కోదాన్ని నలభై సార్లు ఒరలో పెట్టి తీశారు. తోలు ఒరల్లో పెట్టిన మూడూ: పద్నాలుగు, పద్నాలుగు, పదమూడు. ఊక ఒరల్లో పెట్టిన మూడూ: ఐదు, ఆరు, నాలుగు. రెండో గట్టు ఆయన పట్టిన కత్తిని కూడా ఊక ఒరలోనే పెట్టారు. ఐదు.

లోవరాజు తన నడుమున ఉన్న ఒర విప్పి బల్ల మీద పెట్టాడు. "అత్తా, నాదే ముందు సంతకం," అన్నాడు నూకరత్నంతో.

"తెలుసు. నీదే పెద్దది కూడా."

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఏసుపాదం మాత్రం ప్రతి కత్తి అంచు మీదా ఒక సన్నటి పట్టుదారం పిడి నుంచి మొన దాకా నడిపించి చూశాడు. ఆమె పట్టిన ఆరింటిలో రెండింటికి మొన దగ్గర దారం చిక్కుకుంది. ఆ ఇనుప పొర అక్కడ రాలలేదు. రెండో గట్టు ఆయన కత్తికి చిక్కుకోలేదు.

 నూకరత్నం తన ఎడమ చెయ్యి ముందుకు చాచింది.

"అది నిజవే. ఈ మణికట్టు మొన దగ్గర తిరగట్లేదు. రెండు వర్షాకాలాలయింది."

"మరి చెప్పలేదేం అత్తా?" అన్నాడు లోవరాజు.

"అడిగావేటి? చాప మీద కత్తి పడేసి ఎల్లిపోయేవోడివి. తీసుకున్నాక ఒక్కడైనా నా ముందు ఒర తీశాడా? తీత్తే నేనే చూపిద్దును."

ఏసుపాదం రాసుకోవడం ఆపాడు. నియమం పెట్టింది ఆమెకి మర్యాద కోసమే. ఆ మర్యాద వల్లే ఆమె చేతిలో ఏం జరుగుతోందో ఆమెకి తప్ప ఎవరికీ తెలియలేదు. తోలు ఒరలున్నా బొడిపెలు వచ్చిన ఆ నాలుగు ఇళ్ళకి కారణం కూడా ఇదే కావచ్చు. కావచ్చు అనే రాస్తున్నాను.

గంట తర్వాత నిర్ణయం చదివారు. ఊక ఒరలు వెనక్కి తీసుకుంటారు. రాయి నూకరత్నం గారి దగ్గరే ఉంటుంది. ఇకమీద కత్తి తీసుకునేవాళ్ళు ఆమె ఎదుటే దారం కోసి చూసుకుని వెళ్ళాలి. మొన దగ్గర చిక్కితే తోలుపట్టీ మీద పది సార్లు ఎవరి కత్తి వాళ్ళే లాక్కోవచ్చు. సానరాళ్ళ పద్ధతి వచ్చాక సొంత కత్తి పదునుకు సొంత చెయ్యి తగలడం ఈ గట్ల మీద ఇదే మొదటిసారి.

రోజు 113

'గట్టు సమాచారం' ఈ వారం ఒకే వార్త. సవరణ. కొత్త ఒర మేలని రాసింది తప్పని, రాసింది నేనని, కత్తి మీద పరీక్షించకుండా రాశానని, అర్జీ మీద పందొమ్మిదో సంతకం నాదేనని. కింద పరీక్ష అంకెలు.

మణికట్టు సంగతి దగ్గర ఆగాను. అది కూడా వాస్తవమే. అందరూ చూశారు. అయినా చూడటం వేరు, పలక మీద అంటించడం వేరు. కాగితం తీసుకుని వెళ్ళి ఆమెకి చదివి వినిపించాను. మణికట్టు వాక్యం ఉంచాలా, తీసెయ్యాలా అని అడిగాను. ఇంతకుముందు ఒక వార్తని ఎవరికీ ఇలా ముందుగా చదివి వినిపించలేదు.

"ఉంచు," అంది. "తీసేత్తే నువ్వు నా మనిషివంటారు. అప్పుడు ఆ పైన రాసిందీ నమ్మరు."

ఉంచాను.

రోజు 118

కిటికీ మూడు రోజులుగా ఒక వేలే మూసుకుంటోంది. బొడిపెలు తొమ్మిది కోసేశాను. రెండు లోతుగా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని నూకరత్నం చెప్పింది. ఆ మేరకు కిటికీ ఒక మూల గుండ్రంగా ఉండిపోతుంది. సముద్రం కనిపిస్తోంది. అది చాలు.

ఉదయం సానకు వెళ్ళాను. ఆమె గుమ్మం మళ్ళీ మనిషి నిటారుగా దూరేంత ఉంది. నా ముందు పదకొండు మంది ఉన్నారు. చాప మీద చోటు లేక కొందరు కత్తులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరే దారం కోసి చూసుకుంటున్నారు. చూసుకున్నవాళ్ళు వెంటనే వెళ్ళిపోవడం లేదు. తర్వాతివాళ్ళ దారం తెగుతుందా లేదా అని నిలబడుతున్నారు. పని ఆలస్యమవుతోంది.

నన్ను చూసి లోవరాజు లేచాడు. "హైమగారండీ, ఇలా రండి. మీరు ముందు పట్టించుకుని ఎళ్ళండి."

నూకరత్నం రాయి మీదినుంచి తల ఎత్తలేదు.

"ఏం, పలక మీద నా పేరు రాసిందనా? ఎనక్కి పోయి వరసలో కూచోమను."

వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. నా వంతు రావడానికి మూడు గంటలా పది నిమిషాలు పట్టింది.